ఎనిమిది మీటర్ల గౌను

గౌను కుడుతున్నానని ఫోన్లో చెబితే అమ్మ ఒక్క క్షణం ఆగి, "ఎవరికే? చంటిపిల్లలెవరున్నారు మీ దగ్గర?" అంది. మా ఇంట్లో గౌనంటే పదేళ్ళలోపు ఆడపిల్లలు వేసుకునేదే. నాకు ముప్పై ఆరేళ్ళు.

"నాకే" అన్నాను.

"ఎంత గుడ్డ పడుతుంది?"

"ఎనిమిది మీటర్లు."

ఈసారి అమ్మ ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. "చీరా, దాని మీదకి జాకెట్టూ, అడుగున లంగా కూడా వచ్చేస్తాయి కదే!"

అది 1770ల్లో యూరపు ఆడవాళ్ళు తొడుక్కున్న రకం గౌను అనీ, మొత్తం చేత్తోనే కుడతాననీ, గుడ్డ మాత్రం అద్దకాలకి పేరున్న మన పెడన నుంచే కావాలనీ అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతా విని ఆవిడ అన్నది ఒక్కటే. "మిషనుండగా చేత్తో కుట్టడమేంటే, ఫ్యాను పెట్టుకుని విసనకర్ర ఊపుకున్నట్టు!"

కుట్టుపని నాకు కొత్త కాదు. బందరులో అమ్మ ఉషా మిషను మీద మా వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టేది. హుక్కులు వెయ్యడం, హెమ్మింగు చెయ్యడం, పాత కుట్లు విప్పడం నా వాటా. అందులో విప్పుడే ఎక్కువ. అమ్మ ఏ జాకెట్టు కుట్టినా లోపల రెండు పక్కలా అంగుళంన్నర గుడ్డ వదిలేది. ఏడాదికో రెండేళ్ళకో అవే జాకెట్లు వెనక్కి వచ్చేవి. మనిషి కాస్త ఒళ్ళు చేసి ఉండేది. ఒక కుట్టు విప్పి, దాని పక్కన ఇంకో కుట్టు వేస్తే సరిపోయేది. "కత్తెర పెట్టాక గుడ్డ మళ్ళీ పుట్టదు" అని నా చెవిలో ఎన్నిసార్లు పోసిందో లెక్క లేదు. చిన్నప్పుడు విసుగ్గా ఉండేది.

మేం నెదర్లాండ్స్‌కి వచ్చి ఆరేళ్ళయింది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఒక జనవరి శనివారం, ఆ ముసురులో ఇంట్లో కూర్చోలేక, రైలెక్కి ఉత్తరాన లేవార్డెన్ వెళ్ళాం. అక్కడి ఫ్రీస్ మ్యూజియంలో పాత అద్దకపు బట్టలు చాలా ఉన్నాయి. ఒక అద్దాల పెట్టె ముందు నేను ఆగిపోయాను. తెల్లని నేల మీద ఎర్రపూలు, వంకీలు తిరిగిన తీగ, నీలం ఆకులు. నూలు గుడ్డే, కానీ రంగులు నిన్న వేసినట్టున్నాయి. డచ్చివాళ్ళు ఈ గుడ్డని 'సిట్స్' అంటారు. ఇంగ్లీషువాళ్ళ చింట్జ్, ఉత్తరాది ఛీంట్, ఈ సిట్స్ అన్నీ ఒక్క మాటే. పక్కనున్న చీటీలో కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం అని రాసుంది.

"ఆకులు నీలంగా ఉన్నాయేంటి?" అన్నాడు మా ఆయన.

ఆ రోజు నాకూ తెలియలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పట్లో ఆకుపచ్చ అంటూ విడిగా రంగు లేదు. ముందు నీలిమందులో ముంచి నీలం తెప్పించి, దాని మీద పసుపురంగు పూసేవాళ్ళు. నీలిమందు మొండిది, కదలదు. పసుపు వెలుతురికి ఓర్చుకోదు. ఇన్నేళ్ళలో పసుపు ఎగిరిపోయి నీలం మిగిలింది. ఇప్పుడు ఏ మ్యూజియంలో పాత సిట్స్ కనిపించినా ముందు ఆకుల్నే చూస్తాను.

ఆ గుడ్డ తీరంలో ఏ ఊళ్ళో తయారైందో చీటీలో లేదు. నాకు మాత్రం బందరే కనిపించింది. మా ఊళ్ళో వలందపాలెం ఉంది. ఇంగ్లీషుపాలెం ఉంది, పరాసుపేట ఉంది. వలందులంటే హాలండు వాళ్ళని బళ్ళో ఎప్పుడో చెప్పారు, పరీక్షలో రాసి మర్చిపోయాను. వాళ్ళు 1605లో బందరులో కొట్టు పెట్టారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, రాళ్ళ మీద చెక్కిన అక్షరాలతో సహా. చిన్నప్పుడు ఆ దారిన సైకిలు తొక్కుకుంటూ పోయినదాన్ని, వాళ్ళు అక్కణ్ణుంచి పట్టుకుపోయిన సరుకు ఎలా ఉండేదో చూడటానికి ఇంత దూరం రావలసివచ్చింది.

ఆ తర్వాత రెండు నెలలు చదువుడే. ఈ గుడ్డంటే యూరపులో ఎంత పిచ్చి పట్టిందంటే, తమ నేతగాళ్ళూ పట్టు వ్యాపారులూ మునిగిపోతున్నారని ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించింది. 1759 దాకా ఎత్తెయ్యలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో ఇంకో చట్టం చేసింది. 1719లో లండన్‌లో నేతగాళ్ళు వీధుల్లో ఆడవాళ్ళ మీద పడి, ఒంటి మీదున్న అద్దకపు గౌన్లు చింపేశారు, సిరా పోశారు, యాసిడ్ కూడా చల్లారు. బట్ట వేసుకున్న పాపానికి! డచ్చివాళ్ళు మాత్రం వర్తకులు కదా, నిషేధం జోలికి పోలేదు. అందుకే ఇక్కడ చిన్న చిన్న ఊళ్ళ పెట్టెల్లో కూడా ఆ బట్టలు మిగిలాయి. హిండెలోపెన్ అని ఒకప్పుడు సముద్రం పక్కనుండిన బుల్లి ఊరొకటి ఉంది. అక్కడి ఆడవాళ్ళు మన తీరపు గుడ్డతో పొడుగు కోట్లు కుట్టించుకునేవాళ్ళు. ఇంట్లో ఎవరైనా పోతే ఎరుపు మానేసి నీలం, తెలుపు అద్దకం కట్టుకునేవాళ్ళు. మైల పాటించడానికి కూడా మన గుడ్డే!

అప్పుడు పుట్టింది గౌను కోరిక. అలాంటిది చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఇక్కడ నాకంటే ముందు ఈ పిచ్చి పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. పాత గౌన్లని కుట్టు కుట్టు లెక్కపెట్టి గీసిన కొలతల పుస్తకాలున్నాయి. వాటిని ముందేసుకుని, గౌనుకి ఎంత గుడ్డ పడుతుందో లెక్కగట్టాను. పన్నా 44 అంగుళాలైతే ఎనిమిది మీటర్లు.

డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు పెడన వెళ్ళాం, అమ్మా నేనూ. బందరుకి పది కిలోమీటర్లు. అద్దకాల షెడ్డులో బల్లలు, టేకు అచ్చులు, ఠక్కు ఠక్కుమని అరచేత్తో అచ్చు మీద కొట్టే చప్పుడు. ఆ వాసన చెప్పాలంటే కష్టం. కరక్కాయ, పాలు, తుప్పు, బెల్లం కలిసిన వాసన. గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు, రంగు అంచులు దాటి పాకకుండా. నలుపు కోసం ఇనప తుక్కుని బెల్లం నీళ్ళలో ఊరబెడతారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు ఎరుపు కనిపించదు. తర్వాత రంగు కాగులో ఉడికిస్తే పటిక పడ్డచోటే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరుది, కృష్ణ ఒడ్డు ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేళ్ళది. ఇప్పుడు అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారు.

షెడ్డు పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి తాన్లు పరిచాడు. నెమళ్ళు, ఏనుగులు, కిక్కిరిసిన మామిడిపిందెలు, నేలంతా ఎరుపు లేకపోతే నలుపు.

"ఇవి కాదు బాబాయ్ గారూ. తెల్లనేల కావాలి. తీగ పారాలి, పూలు దూరదూరంగా ఉండాలి."

"తెల్లనేల మాసిపోద్ది కదమ్మా. ఎవరూ అడగట్లేదు. ఎన్ని డ్రస్సులకి?"

"ఒకటే."

ఆయన అమ్మ వంక చూశాడు. అమ్మ నా వంక చూపించి, "అక్కడ చలెక్కువండి" అంది. ఆ సమాధానం నాకిప్పటికీ అర్థం కాలేదు గానీ, ఆయనకి సరిపోయింది.

తమాషా ఏంటంటే 17వ శతాబ్దంలో యూరపు వర్తకులు మన దేశానికి రాసిన ఉత్తరాల్లోనూ ఇదే గొడవ. ఎర్రనేల మా వాళ్ళకి నచ్చట్లేదు, తెల్లనేల మీద పూలు వెయ్యండని. నాలుగు వందల ఏళ్ళ తర్వాత అదే పేచీ పెట్టుకోవడానికి నేను తయారయ్యాను. మొత్తానికి అడుగున ఎక్కడో ఉన్న ఒక తాను లాగారు. మీగడ తెలుపు నేల, ఎర్రపూలు, నల్లటి సన్నగీత తీగ, పాలిపోయిన ఆకుపచ్చ. మీటరు రెండు వందలకి బేరం కుదిరింది. తొమ్మిది కొన్నాను, ఒకటి ఎందుకైనా మంచిదని. ఆ తొమ్మిదో మీటరే నన్ను కాపాడింది.

పట్టింపు ఉన్నవాళ్ళు నన్ను పట్టుకునేది ఇక్కడే. ఆ కాలంలో యూరపుకి పోయిన మేలురకం గుడ్డ అచ్చుతో వేసింది కాదు, కలంతో గీసింది. నాది అచ్చు. దగ్గర్నుంచి చూస్తే అదే పువ్వు ప్రతి జానెడుకీ తిరిగొస్తుంది. నిజమే. కలంతో గీయించుకునే స్తోమత నాకు లేదు, 1770ల్లో పుట్టినా ఉండేది కాదు.

ఇక కుట్టు. ఈ గౌను పైనుంచి మొదలుపెట్టేది కాదు, ఒంటి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అన్నిటికంటే అడుగున లినెన్ షిఫ్టు, అంటే మోకాళ్ళు దాటే పొడుగు చొక్కా. దాని మీద స్టేస్, బద్దలు దూర్చిన బిగుతు రవిక. నడుముకి రొండి సంచులు, వెనక చిన్న దిండు, లంగాలు, అప్పుడు గౌను. ఇది చదివి కూడా నేను తప్పు చేశాను. స్టేస్ కుట్టడం బోరని, ముందు గౌను లైనింగు కత్తిరించేద్దామని, అమ్మ నేర్పిన జాకెట్టు కొలతలతో లినెన్ మీద కత్తెర పెట్టాను. ఒంటి ఒంపుకి తగ్గట్టు గుడ్డ మడిచి కుట్టే డాట్లు కూడా గీశాను. ఆ కాలపు గౌనుకి డాట్లు ఉండవు! స్టేస్ వేసుకున్నాక మనిషి ఆకారమే మారిపోతుంది. ముందువైపు చదునుగా, గరాటులా కిందికి సన్నబడుతుంది. ఆ లైనింగు గిన్నెలు దించే మసిగుడ్డ అయింది. ఇక్కడ లినెన్ మీటరు 18 యూరోలు.

షిఫ్టు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అన్నీ చదరాలు, త్రికోణాలు. చంక కింద ఒక చదరపు ముక్క వేస్తారు, చెయ్యి ఎత్తడానికి వీలుగా. గుడ్డలో ఒక్క బెత్తెడు కూడా వృథా పోదు. రైల్లో ఆఫీసుకి వెళ్తూ వస్తూ మూడు వారాల్లో కుట్టేశాను. లినెన్ దారానికి తేనెమైనం రుద్దితే చిక్కు పడదు, తెగదు. వేలికి అంగుస్తానా లేకపోతే మాత్రం సూది వెనక భాగం వేలిని జల్లెడ చేస్తుంది.

స్టేస్ వేరే సంగతి. రెండు వరసల గట్టి లినెన్, మధ్యలో ఇరుకు గొట్టాల్లాంటి వరసలు, ఒక్కోదాంట్లో ఒక్కో బద్ద. పూర్వం తిమింగలం నోట్లో పళ్ళకి బదులు వేలాడే పలకల్ని చీల్చి వాడేవాళ్ళు. నేను జర్మనీలో తయారయ్యే ప్లాస్టిక్ బద్దలు తెప్పించుకున్నాను, 5 మిల్లీమీటర్ల వెడల్పువి. వరసలు మొత్తం బఖియా కుట్టు. నావి 86 వరసలు వచ్చాయి. ఫిబ్రవరి, మార్చి అంతా ఇదే పని. మొదటి పది వరసల కుట్టు చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది, మద్యం తాగి నడిచినట్టుంటాయి. అరవయ్యో వరసకి వచ్చేసరికి చెయ్యి దారిలో పడింది. ఒకసారి బద్ద పట్టలేదు. వరస ఇరుకైంది. మిగతా బద్దలన్నీ తీసి, విప్పి, మళ్ళీ కుట్టాలి. రాత్రి పదకొండింటికి వంటింట్లో కూర్చుని విప్పుతుంటే, బందరు ఇంట్లో అమ్మ మిషను పక్కన కూర్చున్నట్టే అనిపించింది. విప్పడంలో నాకున్న ట్రైనింగు ఇక్కడ ఎవరికీ లేదు.

వెనక తాడు లాగడానికి బెజ్జాలు కావాలి. ఇక్కడ కత్తెర వాడకూడదు. దబ్బనంతో పొడిచి, పోగులు తెగకుండా పక్కకి జరిపి, బెజ్జం చుట్టూ కాజా కుట్టినట్టు దారం చుట్టాలి. పోగు తెగితే ఆ చోటు తాడు లాగినకొద్దీ చిరుగుతుంది. మొత్తం 24 బెజ్జాలు, ఒక్కోదానికి పావుగంట.

మొదటిసారి వేసుకున్న రోజు మా ఆయన వెనక నుంచి తాడు లాగుతూ, "ఊపిరి ఆడుతోందా?" అని మూడుసార్లు అడిగాడు. సినిమాల్లో చూపించినట్టు మంచం కోడు పట్టుకుని, ఎవరో కాలు పెట్టి లాగితే కళ్ళు తిరిగి పడిపోవడం, అదంతా ఉత్తిదే. ఊపిరి బాగానే ఆడుతుంది. పైగా రోజంతా కంప్యూటరు ముందు వంగి కూర్చునే నా వెన్నుకి హాయిగా అనిపించింది. లంగాల బరువు నడుముని కొయ్యకుండా స్టేస్ మీద పడుతుంది. నడుము మాత్రం వంగదు. కింద పడిన సూది తియ్యాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. బాసింపట్టు వేసుకుని కూర్చుందామని చూశాను, కుదరలేదు. మన ఊళ్ళో పీట మీద కూర్చుని కూరలు తరిగే ఆడమనిషికి ఈ బట్ట ఒక్క పూట కూడా పనికిరాదు.

రొండి సంచుల దగ్గర అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ కాలపు గౌనుకి జేబుల్లేవు. రెండు సంచులు ఒక నాడాకి కుట్టి, లంగా కింద నడుముకి కట్టుకునేవాళ్ళు. లంగా పక్కల్లో చీలిక వదిలితే అందులోంచి చెయ్యి పెట్టి డబ్బులు తీసుకోవచ్చు. మా అమ్మమ్మ బొడ్లో దోపుకున్న వక్కల సంచీ, అందులో మడతపెట్టిన పది రూపాయల నోటూ సరిగ్గా ఇంతే. ఆ సంచుల్ని కొంచెం ముద్దుగానే కుట్టాను.

మే నెలలో పెడన గుడ్డకి చెయ్యి పెట్టాను. ముందు ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉతికాను. నీళ్ళు కాస్త గులాబీరంగు తిరిగాయి, గుండె జారింది గానీ గుడ్డకేం కాలేదు. ఆ కాలపు సిట్స్‌కి నిగనిగలాడే మెరుపుండేది. గంజి పట్టించి, శంఖంతో గట్టిగా రుద్దేవాళ్ళు. చేత్తో పట్టుకుంటే కాగితంలా చప్పుడయ్యేది. ఉతికితే ఆ మెరుపు పోతుంది. ఒక ముక్కకి బియ్యం గంజి పెట్టి, ఇంట్లో ఉన్న పెద్ద గవ్వతో అరగంట రుద్ది చూశాను. నిజంగానే మెరిసింది! నాలుగు చుక్కల నీళ్ళు చిలకరిస్తే నాలుగు మచ్చలు. ఈ దేశంలో వాన ఎప్పుడు పడుతుందో అడిగేవాళ్ళు లేరు. మెరుపు మానేశాను.

గౌను వెనకభాగం దగ్గరికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. మెడ దగ్గర్నుంచి కాలి మడమ దాకా గుడ్డ ఒక్కటే ముక్క. నడుము దగ్గర కొయ్యరు. వెనక మధ్యలో గుడ్డని కుచ్చిళ్ళుగా మడిచి, లైనింగుకి కలిపి నడుము దాకా కుట్టేస్తారు. నడుము దాటాక ఆ కుచ్చిళ్ళు విచ్చుకుని గౌను ఘేరు అయిపోతాయి. ముందు బొమ్మల్లో చూసినప్పుడు అందం కోసం అనుకున్నాను. బల్ల మీద గుడ్డ పరిచి కుచ్చిళ్ళు పెడుతుంటే చెయ్యికి తెలిసింది. ఇది చీర కుచ్చిళ్ళు పెట్టే పనే! ఆ రోజుల్లో కుట్టుకూలి చవక, గుడ్డ ఖరీదు. అందుకని కొయ్యకుండా మడిచేవాళ్ళు. ఫ్యాషను మారితే కుట్లు విప్పి, అదే గుడ్డతో ఇంకో రకం గౌను కుట్టించుకునేవాళ్ళు. మ్యూజియంలో ఉన్న గౌన్లలో చాలావాటి మీద పాత సూది బెజ్జాల వరసలు కనిపిస్తాయి. అమ్మ జాకెట్లలో అంగుళంన్నర లాంటిదే, కాకపోతే వీళ్ళది గజాల్లో లెక్క.

అంత చదివీ, అంత అర్థం చేసుకునీ, జూన్ 14 రాత్రి నేను కొయ్యకూడని చోట కోశాను.

కుచ్చిళ్ళకి రెండు పక్కలా మాత్రం నడుము దగ్గర అడ్డంగా ఒక కోత ఉంటుంది. పక్క నుంచి మొదలుపెట్టి కుచ్చిళ్ళ దాకా వచ్చి ఆపెయ్యాలి. కుడిపక్క బాగానే వచ్చింది. ఎడమపక్క కత్తెర ఒక్క అంగుళం ముందుకి పోయింది, కుచ్చిలోకి. చప్పుడు కూడా వేరుగా వినిపించింది, రెండు పొరలు తెగిన చప్పుడు. కత్తెర కింద పెట్టి, లైటు ఆర్పేసి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. మూడు రోజులు ఆ గదిలోకి వెళ్ళలేదు.

నాలుగో రోజు మళ్ళీ పాత గౌన్ల ఫొటోలు ముందేసుకున్నాను, ఈసారి తప్పులు వెతకడానికి. వెతికితే ఎన్నో! చంకలో చిన్న ముక్కలు, లంగా అంచున అతుకులు, చేతి కింద పువ్వు సగంలో తెగి ఇంకో పువ్వులో సగం అతికిన చోట్లు. గుడ్డ చాలకపోతే అతికేవాళ్ళు, దాన్నెవరూ తప్పనుకోలేదు. తొమ్మిదో మీటరు తీశాను. తెగిన కుచ్చి వెనక నాలుగు అంగుళాల ముక్క పెట్టి, అంచులు లోపలికి మడిచి, కనిపించీ కనిపించని కుట్టు వేశాను. తీగ తీగలో కలిసేలా అమర్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ ముక్క పోను మిగిలిన దాంట్లో ఎడమచేతి కింది సగం నేరుగా పట్టలేదు. గుడ్డని తిప్పి పెట్టాల్సి వచ్చింది. అందుకే నా ఎడమ మోచేతి దగ్గర ఒక్క పువ్వు తలకిందులుగా ఉంటుంది.

చేతులు అతకడం, లంగా కుట్టడం, అంచు మడవడం, వీటి గురించి వదిలేస్తున్నాను. అంచు ఒక్కటే మూడు మీటర్ల పైన, ఒక ఆదివారం పోయింది. ముందువైపు గుండీలు, హుక్కులు ఏమీ లేవు. గుండుసూదులతో మూసుకోవాలి. సూది మొన స్టేస్ పొరల్లోకి పోతుంది కాబట్టి ఒంటికి తగలదు. ఇక్కడి వాళ్ళకి ఇది వింత. పిన్నీసులతో చీర కొంగు సర్దుకునే మనకి వింతేముంది!

మధ్యలో హైదరాబాదులో ఉండే స్నేహితురాలొకామె ఫొటోలు చూసి, "మనల్ని దోచుకున్నవాళ్ళ బట్టలు కుట్టుకుని మురిసిపోతున్నావా?" అంది. కోపం రాలేదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మన తీరం నుంచి గుడ్డనే కాదు, మనుషుల్ని కూడా బానిసలుగా ఓడలెక్కించారు. అది తెలిసే కుడుతున్నాను. కానీ మ్యూజియం చీటీ మీద గౌను తొడుక్కున్న ఇంటి పేరు ఉంటుంది, ఒక్కోసారి కుట్టిన కాలం ఉంటుంది, గుడ్డకి రంగు వేసినవాడి పేరు ఏ చీటీలోనూ నాకు కనిపించలేదు. ఆ గుడ్డని నెలల తరబడి ఒళ్ళో పెట్టుకుంటే, ఎక్కడ అచ్చు కొంచెం జరిగిందో, ఎక్కడ పటిక పలచగా పడిందో తెలుస్తుంది. వేసిన చెయ్యి తెలిసినట్టుంటుంది. ఆమెకి ఇలా చెప్పాను. "సరేలే, బాగుంది" అంది. ఒప్పుకుందో, వదిలేసిందో.

ఆగస్టు చివర్లో ఒక పాత తోటలో, ఇలాంటి బట్టలు కుట్టుకునేవాళ్ళు ఓ ముప్పై మంది కలుసుకుంటారంటే వెళ్ళాను. తయారవడానికి యాభై నిమిషాలు. రైల్లో రెండు సీట్లు నేనే ఆక్రమించాను. ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు. డచ్చివాళ్ళు అంతే, గుర్రమెక్కి రైల్లోకి వచ్చినా టికెట్టుందా అని మాత్రమే చూస్తారు.

తోటలో డెబ్భై ఏళ్ళ ఆవిడ ఒకరు నా దగ్గరికొచ్చి, పలకరింపు కూడా లేకుండా గౌను అంచు పట్టుకుని తిరగేసి కుట్టు చూసింది. కుట్టేవాళ్ళు ఎక్కడైనా ఇంతే. "కలమా, అచ్చా?" అని అడిగింది. అచ్చు అన్నాను. తలూపింది. తర్వాత నా ఎడమ మోచెయ్యి దగ్గరికి వచ్చి ఆగింది. నేను చెప్పబోతుంటే, తన చెయ్యి పైకెత్తి జాకెట్టు చంక చూపించింది. అక్కడ నాలుగు ముక్కల అతుకు. ఇద్దరం నవ్వుకున్నాం. ఎండ కాసినంతసేపు బాగుంది, మూడింటికి వాన మొదలైంది. గంజి పెట్టనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

పోయిన మే నెలలో అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండో రోజు గౌను తీసి చూపించాను. వేసుకుని చూపించమని అడగలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, గౌనుని లోపలి వైపుకి తిరగేసి ఒళ్ళో వేసుకుంది. కుట్టు వెంబడి వేలు నడిపించుకుంటూ పోయింది. ఎడమపక్క కుచ్చి దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ కత్తెర జారిందా?"

"ఊఁ."

ఇంకాస్త ముందుకి పోయింది. "ఈ పువ్వు తలకిందులైంది."

"గుడ్డ చాల్లేదమ్మా."

కాసేపు ఏం మాట్లాడలేదు. పక్క కుట్లు రెండు వేళ్ళతో విడదీసి చూసింది.

"లోపలెంత వదిలావు?"

"రెండంగుళాలు."

"అయితే ఫర్వాలేదు" అని గౌను మడత పెట్టింది.